మందు పెట్టిన అన్నావు

రుద్రూర్,
అక్టోబర్ 6

"నాకు యాదికి లేదు సార్." ఆ నాలుగు ముక్కలతో నా పని పోగొట్టావు. పనితోపాటు నా పేరు కూడా పోయింది.

అక్కా అని మొదలుపెట్టడానికి చెయ్యి రావట్లేదు. అందుకే కవరు మీద ఉన్న పేరే ఇక్కడా రాస్తున్నాను. గంగమణి, పందుల షెడ్డు, వర్ని రోడ్డు, బాన్సువాడ.

నీకు యాదికి లేదన్నావు కాబట్టి నేనే గుర్తు చేస్తాను. వానలు మొదలైన వారం నాకు డెంగీ వచ్చి బోధన్ దవాఖానలో పడ్డాను. షెడ్డులో పందులు సూడితో ఉన్నాయి. ఈనడానికి ముందు వాటికి నట్టల మందు పెట్టాల్సిన వారం కూడా అదే. తల్లి పేగులో నట్టలు ఉంటే వాటి గుడ్లు పెంటలో పడతాయి. అవి పొదుగుకు అంటుకుంటాయి. పుట్టిన పిల్ల పాలతోపాటు వాటినీ మింగుతుంది. ఇదంతా నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. ఫోన్‌లో వీడియోలు చూసి, మందు డబ్బాలో పెట్టే కాగితం కూడబలుక్కుని చదివి నేర్చుకున్నాను. నేర్చుకున్నది నాలోనే దాచుకోకుండా నీకూ చెప్పాను. ఒక చేతికి సెలైన్ ఎక్కుతుంటే రెండో చేత్తో నీకు ఫోన్ చేశాను.

"మందు పెట్టినవా అక్కా?"

"పెట్టిన తమ్మీ. నువ్ ఫికర్ చెయ్యకు. మంచిగ పండుకో."

మంచిగా పడుకున్నాను. తిరిగొచ్చాక వెంకటనారాయణ సార్ అడిగితే "అయ్యింది సార్" అన్నాను. యజమానితో ఆ మాట నీ నోటిని నమ్మి అన్నాను.

తర్వాత పిల్లలు దగ్గడం మొదలుపెట్టాయి. ఎంత దాణా తిన్నా వీపు ఎముకలు తేలి, పొట్టలు మాత్రం కుండల్లా ఉండేవి. ఒకటి చచ్చిపోతే పశువుల డాక్టర్ ఆసిమా మేడం వచ్చి కోసి చూపించింది. పేగు నిండా నట్టలు, సేమ్యా ముద్ద చుట్టుకున్నట్టు. కార్జం మీద సున్నం చిలకరించినట్టు తెల్ల మచ్చలు. "గీ మందకు మందు పడలే" అన్నది ఆమె. సార్ టీకాల ఫ్రిజ్ తెరిచి వెతికితే వెనక అరలో ప్యాకెట్ దొరికింది. సీలు కూడా విప్పలేదు.

"మందు పెట్టలేదురా నువ్వు! పెట్టకుంటనే అయ్యింది అని నాకు చెప్పినవ్, దొంగ!" అని సార్ అందరి ముందూ అరిచాడు. "అక్క పెట్టిన అన్నది సార్" అన్నాను. ఆయన నీ వైపు తిరిగాడు. "ఏం గంగమణీ, చెప్పినవా?" నువ్వు దాణా గంప చంకలో పెట్టుకుని నేల చూశావు. తర్వాత ఆ నాలుగు ముక్కలు అన్నావు.

ఎందుకు అన్నావో రాసి పంపు. ఫోన్ చెయ్యకు, నోటిమాటతోనే ఇంత దూరం వచ్చింది. ఈ నెల పదిహేనులోపు నీ చేతిరాత నాకు అందాలి.

సాగర్


బాన్సువాడ,
అక్టోబర్ 14

తమ్మీ సాగర్‌కు,

నీ ఉత్తరం వచ్చింది. పేపర్ల భాషల తిట్టినవ్. మన తీరుగ తిట్టితే జర నొప్పన్న తెలిసేది, గీ తిట్లు వార్తలు సదివినట్టే ఉన్నయి.

అడిగినవ్ గద, చెప్త. పెట్టిన అన్న. అవును, అన్న. ఫ్రిజ్ల పెట్టిన. సార్ తెచ్చిచ్చిన మందు జాగ్రత్తగ పెట్టినవా అని అడుగుతున్నవ్ అనుకున్న. ఎలుకలు కొరుకుతయని ఫ్రిజ్ల పెట్టిన. "పందులకు తినిపిచ్చినవా" అని సక్కగ అడిగితే "లే" అందును. నువ్ సక్కగ అడగంది నా తప్పా? ఆనాడు సార్ గట్ల మీదికొస్తే భయానికి నాకు ఏం యాదికి రాలే. గంతే. దీనికి ఇంత పొడుగు ఉత్తరం ఎందుకు?

నువ్ జెప్పినయన్ని జరిగినయా మరి? బ్లీచింగ్ పౌడర్ చల్లితే గచ్చు మీద నట్టల గుడ్లు సస్తయని బస్తాలకు బస్తాలు చల్లిపిచ్చినవ్. నా కండ్లు మండినయి గాని, అవ్వి సచ్చినయా?

ఇప్పుడు అన్నిటికి మందు పడ్డది. పిల్లలు తేరుకుంటున్నయి. నువ్ రుద్రూర్ల రైస్‌మిల్లుల సేరినవని విన్న. మంచిగ చేస్కో. రెండు పూటల తిను. డెంగీ పడ్డ పెయ్యి, బరువులు ఎక్కువ మొయ్యకు.

నీ అక్క
గంగమణి


రుద్రూర్,
అక్టోబర్ 20

గంగమణికి,

మనల్ని కన్న అవ్వ నాట్లకు పోయి పొద్దుగూకి వచ్చి "తమ్మునికి బువ్వ పెట్టినవా" అని అడిగేది. అప్పుడు నువ్వు బువ్వ ఎక్కడ పెట్టేదానివి? గూట్లోనా, నా కంచంలోనా? "పెట్టిన అవ్వా" అని నువ్వు చెప్పిన ప్రతిసారీ నా మూతికి మెతుకులు అంటుకునే ఉండేవి. ఆ ఇంట్లో పెరిగినదానివి, "పెట్టిన" అంటే ఏందో నీకు తెలియదా?

బ్లీచింగ్ సంగతి మేడంను అడిగాను. నువ్వన్నదే నిజం, దానికి చావవట. ఆ గుడ్ల పెంకు మహా గట్టిదట. గచ్చు గీకి, మరిగే నీళ్లు పోసి, ఎండబెట్టాలట. నేను చెప్పింది తప్పని సార్‌కు ఫోన్ చేసి చెప్పేశాను. నాకు యాదికి లేదు అనలేదు.

ఇప్పుడు నీ ఎలుకల ముచ్చటకు వద్దాం. ఎలుకల భయానికే కదా దాణాను ఇనుప పీపాలో పోస్తాం? మందు కూడా ఎప్పుడూ ఆ పీపాలోనే ఉండేది. అది పొడి మందు, దానికి చల్లదనం అక్కర్లేదు. ఈ ఒక్కసారి అది ఫ్రిజ్‌లోకి ఎందుకు వెళ్లింది? వెళ్లినా ముందు అరలో ఎందుకు లేదు? టీకా డబ్బాల వెనక ఎందుకు ఉంది? వస్తువును పెట్టడం వేరు, దాచడం వేరు. నువ్వు దాచావు.

ఎవరైనా దాచమన్నారా? సార్‌కు నన్ను తీసెయ్యాలని ముందే ఉందా? నా జాగాలోకి నీకు కావలసినవాళ్లు ఎవరైనా వస్తున్నారా? ఇట్లా ఆలోచించడం నాకు ఇష్టమనుకోకు. బస్తా ఎత్తినా దించినా ఇదే ఆలోచన.

నీ నాలుగు ముక్కలు ఎక్కడిదాకా వచ్చాయో విను. సార్ ఆ రోజు "మందు పెట్టలేదు" అని అరిచాడు. షెడ్డు నుంచి బాన్సువాడ బస్టాండ్ చేరేలోపు ఆ "లేదు" ఎక్కడో రాలిపోయింది. "పందులకు మందు పెట్టిండట" అయింది. రుద్రూర్ చేరేసరికి నేను మూగజీవాల తిండిలో విషం కలిపినవాణ్ణి. మొన్న మిల్లులో చాయ్ పోసే వంతు నాకు వచ్చింది. హమాలీ ఒకడు పక్కవాడితో అన్నాడు.

"సూస్కోని తాగు అన్నా. పోరడు మందు పెడ్తడు."

"ఏ మందురా? కోటర్ అయితే నాకు డబల్ పెట్టమను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఒక్కడు కూడా గ్లాసు ముట్టలేదు. చాయ్ మొత్తం కాలువలో పారబోసి కెటిల్ కడిగి పెట్టాను.

ఎందుకు దాచావు? దీపావళిలోపు రాయి.

సాగర్


బాన్సువాడ,
నవంబర్ 2

బంగారి తమ్మునికి,

పండుగ నాడు నువ్ లేకుంటే ఏం బాగ అనిపియ్యలే. బొబ్బెర గారెలు చేసిన. నీ రబ్బరు బూట్లు గూడ సబ్బు పెట్టి కడిగి, ఎండకు ఆరబెట్టి, సంచిల పెట్టిన. బోధన్ బస్సు డ్రైవర్‌కు ఇస్తున్న, రుద్రూర్ల దించమన్న. తీస్కో.

తోక తెగిన పంది యాదికున్నదా, నీ ఎనకనే తిరుగుతుండె? మల్ల సూడి కట్టింది. దానికి నిండినంక గోరువెచ్చటి నీళ్లతోని పొదుగు కడిగి ఈనే గదిలకు తోలుతం, నువ్ నేర్పినట్టే. సార్ గూడ "గీ కడుగుడు పద్ధతి మంచిగున్నది" అన్నడు. ఎవరు నేర్పిన్రని అడగలే, నేను చెప్పలే.

గా పాత ముచ్చట ఇగ ఇడిచిపెట్టు. సార్ ఎప్పుడో మర్చిపోయిండు. నువ్వే తవ్వుకుంట కూసున్నవ్. మిల్లుల పని మంచిగనే ఉన్నదట గద. చలి మొదలైతున్నది, మఫ్లర్ కట్టుకో.

నీ అక్క


రుద్రూర్,
నవంబర్ 10

గంగమణికి,

అడిగినదానికి జవాబు లేదు. గారెలు, మఫ్లర్, బంగారి తమ్ముడు. నువ్వు ఇంత తియ్యగా రాయడం నేను ఎప్పుడూ చూడలేదు. అందుకే రెండుసార్లు చదివాను. రెండోసారి చదివాక అనుమానం ఇంకా పెరిగింది.

గారెలు మిల్లువాళ్లు తిన్నారు. నేను చేసినవి కావని ఒట్టు పెడితే తిన్నారు.

పందుల షెడ్డులో తొడుక్కునే బూట్లు రైస్‌మిల్లులో దేనికి? అక్కడ మిగిలిన నా వస్తువు అదొక్కటే. దాన్ని కూడా కడిగి బస్సెక్కించావు. నేను మళ్లీ ఆ గేటు దాటకూడదని నీకు అంత గట్టిగా ఉందా? తప్పుగా అనుకుంటే తప్పని రాయి. నువ్వు ఏదీ తిన్నగా చెప్పకపోతే నేను ప్రతిదీ వంకరగానే చదువుతాను.

ఇప్పుడు రెండు సంగతులు చెప్తాను. రెంటికీ జవాబు కావాలి.

మొదటిది. మహమ్మద్ నగర్‌లో లాల్‌సింగ్ అనే ఆయన పందుల షెడ్డు పెద్దది చేస్తున్నాడు. మనిషి కావాలంటే నేను ఆదివారం పోయి కలిశాను. షెడ్డంతా తిప్పి చూపించాడు. ఒక పిల్ల దగ్గుతుంటే నన్నే చూడమన్నాడు. చివరికి గేటు దగ్గర ఆగి ఇట్లా అన్నాడు.

"పని వస్తదని సమజైంది తమ్మీ. గాని నువ్ మందు పెట్టినవని అంటుండ్రు. వెంకటనారాయణ ఫోన్ చేసి 'గా పోరని తప్పు లేదు' అని ఒక్క మాట చెప్తే తీస్కుంట. లేకుంటే నా పందుల దగ్గరికి నిన్ను ఎట్ల రానిస్త? నువ్వే చెప్పు."

ఆయనను తిట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆయన జాగాలో నేనున్నా అదే అడుగుతాను. వెంటనే సార్‌కు ఫోన్ చేశాను. "సొంత అక్కనే యాదికి లేదన్నంక నేనేం చెప్పాలెరా" అని పెట్టేశాడు. నాకు బస్తాలు మోయడం కాదు, పందుల పని వచ్చు. ఈ చుట్టుపక్కల ఆ పని ఇచ్చేవాళ్లు ఎందరున్నారో నీకు తెలుసు. నేను మళ్లీ ఆ పనిలోకి పోవడం ఇప్పుడు నీ నోట్లో ఉంది.

రెండోది. మిల్లుకు సెలవున్న రోజు ఆసిమా మేడం దగ్గరికి వెళ్లాను. మాటల్లో ఆమె అన్నది.

"మీ అక్కకు భయం తీరిందా?"

"ఏం భయం మేడం?"

"ఆనాడు నేను పిల్లను కోసినంక పక్కకు పిలిచి అడిగింది. సూడి పందికి గీ మందు పెడితే కడుపు పోతదా అని. పోదు, గీ మందుతోని గా భయమే లేదని చెప్పిన. ఊరికె ఏడ్చింది పాపం."

ఎలుకలకు భయపడ్డ మనిషి కడుపు పోవడం గురించి డాక్టర్‌ను ఎందుకు అడుగుతుంది? పోదని చెప్తే ఎందుకు ఏడుస్తుంది?

ఇగ వంకలు పెట్టకు. ఇరవైలోపు రాయి.

సాగర్


బాన్సువాడ,
నవంబర్ 21

సాగర్,

ఒక్క రోజు ఆలస్యమైంది. నాలుగు కాగితాలు సింపేసిన, గిది అయిదోది.

పోయిన ఎండకాలం సూడి మీదున్న నల్ల పంది నెలలు నిండకముందే ఈసుకపోయింది. నువ్ గప్పుడు దాణాకు నిజామాబాద్ పోయినవ్. దానికి ముందటి రోజు నట్టల మందు కలిపి తొట్టిల పోసింది నేనే. తెల్లారేసరికి పిల్లలు సచ్చి పడి ఉన్నయి. పెయ్యి మీద ఎంటికలు గూడ రాలే వాటికి. తట్టల మోసింది నేనే, బొంద తీసింది నేనే. సార్ వచ్చి సూసి "నీ చెయ్యి మంచిది కాదు గంగమణీ" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. తర్వాత మర్చిపోయి ఉంటడు.

గదే మాట నాకు అత్తగారింట్ల అన్నరు. నేను మొగనితోని కొట్లాడి ఒచ్చిన అని నువ్ అనుకున్నవ్. కొట్లాట కాదు. నాకు నాలుగో నెల కడుపు పోయింది. మా అత్త వాడకట్టంత తిరిగి చెప్పింది, "మందు తాగి పోగొట్టుకున్నది" అని. నేను ఏ మందు తాగలే సాగర్. మీ బావ గూడ నమ్మలే. గీ ముచ్చట నేను అవ్వకు గూడ చెప్పలే.

నువ్ దవాఖానకెళ్లి ఫోన్ చేసినప్పుడు ప్యాకెట్ నా చేతులనే ఉన్నది. దాణా కలిపి పెట్టిన, ప్యాకెట్ ఇప్పుదామని నిలబడ్డ. సూడి పందులన్ని తొట్టి కాడికొచ్చి నా దిక్కే సూస్తున్నయి. చెయ్యి రాలే. గప్పుడే నువ్ అడిగినవ్. నోట్లకెళ్లి "పెట్టిన" అని వచ్చింది. ఫోన్ పెట్టేసినంక వొయ్యి ఫ్రిజ్ల పెట్టిన. అన్న మాట అబద్ధం కావద్దని పెట్టిన. ముందుగాల పెట్టి తర్వాత అనలే. అని, తర్వాత పెట్టిన. నీకు ముందుగాల 'ఫ్రిజ్ల పెట్టిన' అని రాసింది గందుకే. ఎలుకలు లేవు ఏం లేవు.

మేడం ఆ మందుతోని కడుపు పోదని చెప్పినప్పుడు ఏడిస్తే ఏం తప్పు? నల్ల పంది నా చేతితోని ఈసుకపోలే అని ఒకరు చెప్పిన్రు నాకు. గాని గప్పటికే పిల్లల పేగులన్ని నిండినయి.

సార్‌కు చెప్పలేను. చెప్తే షెడ్డు కాడ ఇచ్చిన గది ఖాళీ చెయ్యమంటడు. గిది చిన్న గదే, రేకులది. గాని తాళంచెవి నా దగ్గర ఉంటది. ఇంతకు ముందు నేను ఉన్న ఏ ఇంట్ల గూడ తాళంచెవి నా దగ్గర లేకుండె. నువ్ మొగపిల్లగానివి, ఎక్కడన్న బతుకుతవ్. నేను ఎటు పోవాలె?

నువ్ అడిగినవని రాసిన. గీ కాగితం ఎవ్వరికి సూపియ్యకు. చిన్నోనివైనా నీ కాళ్లు మొక్కుత.

గంగమణి


రుద్రూర్,
నవంబర్ 27

అక్కా,

నీ ఉత్తరం చదివి చింపేశాను. పొయ్యిలో వేశాను, ముక్కలు కూడా లేవు. కాగితం చూపించి నిన్ను పట్టించాలని నాకు లేదు. నువ్వు నోటితో చెప్పాలి, చెప్పాల్సినవాళ్ల ముందు చెప్పాలి. నా ఒక్కడి చెవిలో వేస్తే నీ మనసు తేలికవుతుందేమో, నా పేరు తేలిక కాదు.

నీ కడుపు పోయిన సంగతి నాకు చెప్పి ఉండాల్సింది. చెప్పి ఉంటే మీ అత్తగారి వాడకట్టులోనే నిలబడి అడిగేవాణ్ణి. చెప్పలేదు కాబట్టి ఇన్ని నెలలు బావకు ప్రతి పండుగకూ ఫోన్ చేసి "బాగున్నవా బావా" అన్నాను.

కానీ ఒక్కటి చెప్పక తప్పదు. చెయ్యని పనికి నీ మీద మందు మాట వేశారు. ఆ మాట వాడకట్టులో ఎట్లా తిరుగుతుందో, సొంత మనిషి నమ్మకపోతే ఎట్లా ఉంటుందో ఈ లోకంలో నీకంటే ఎవరికి తెలుసు? అంతా తెలిసి కూడా, అదే మాట నా మీద పడుతుంటే గంప చంకలో పెట్టుకుని నిలబడ్డావు. మందు పెట్టకపోవడం నేను ఎప్పుడో మర్చిపోతాను. భయం వేసింది, చెయ్యి రాలేదు, అది నాకు అర్థమైంది. నిలబడి చూడడమే అర్థం కాలేదు. మొగపిల్లగాణ్ణి కాబట్టి బతుకుతానంటావు. నేను పోసిన చాయ్ కాలువలో పారబోసినప్పుడు నేను మొగపిల్లగాణ్ణే.

ఆదివారం మళ్లీ మహమ్మద్ నగర్ పోయాను. లాల్‌సింగ్‌కు ఈనే గదులు చూసుకోవడానికి ఆడమనిషి కూడా కావాలట. పొదుగు కడగడం, పిల్లలను పాలకు వదలడం, రాత్రి ఈనితే దగ్గర ఉండడం తెలిసినవాళ్లు దొరకట్లేదట. నీ పేరు చెప్పాను, మందుల పని మాత్రం నాదే అన్నాను. "వస్తదా మీ అక్క?" అన్నాడు. ముందు ఉండడానికి జాగా ఏదని అడిగాను. షెడ్డు వెనక పక్కా గది ఉంది, పై కప్పు స్లాబు. తాళం ఎవరి దగ్గర ఉంటుందని అడిగాను. నా వైపు వింతగా చూసి "ఉండేటోళ్ల దగ్గరనే ఉంటది, నాకెందుకు" అన్నాడు. తలుపు లోపలి గడియ నేనే వేసి చూశాను. గట్టిగా ఉంది.

కాబట్టి గది పోతుందన్న సాకు ఇప్పుడు నీకు లేదు.

ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు అనుమానం పోవట్లేదు, ఆ సంగతి నీకు దాచను. నువ్వు గది మాట విని సరే అంటావు. సామాను కట్టుకుంటావు. సార్ ముందు మాత్రం మళ్లీ నేల చూసి, ఏ రోగమో అడ్డం పెట్టి వెళ్లిపోతావు. అట్లా జరగదు. ఆయన మాట లేకుండా లాల్‌సింగ్ నన్ను తీసుకోడు. ఇద్దరినీ కలిపే తీసుకుంటానన్నాడు, నన్ను తీసుకోకపోతే నీకు గది ఇవ్వడు. ముందు మాట, తర్వాత గది. అంతా విని కూడా చెప్పలేదంటే, నువ్వు భయపడింది గది కోసం కాదని నాకు తెలిసిపోతుంది. అప్పుడు ఇంకేం దాస్తున్నావని నేను అడగను. అసలు ఏమీ అడగను.

సార్ పొద్దున దాణా చూడడానికి షెడ్డుకు వస్తాడు కదా. పనివాళ్లందరూ ఉన్నప్పుడే చెప్పు. నన్ను అందరి ముందే తీసేశాడు, అందరి ముందే తేలాలి. "మందు నేను తినిపియ్యలే. తినిపిచ్చిన అని సాగర్‌ను నమ్మిచ్చిన. వానికి తెల్వదు." ఇంతే. నీ కడుపు సంగతి ఎవరికీ చెప్పాల్సిన పని లేదు, అది నీది. నల్ల పంది సంగతి చెప్పాలనిపిస్తే చెప్పు. నీ చెయ్యి మంచిది కాదన్న మాట ఆయన వెనక్కి తీసుకోవాలని అడుగు. అడగవని తెలుసు. అయినా రాస్తున్నాను, అడుగు. తర్వాత ఆయనతో లాల్‌సింగ్‌కు ఫోన్ చేయించు.

లాల్‌సింగ్ డిసెంబర్ 4, బుధవారం పొద్దున వేరే మనిషిని పెట్టుకుంటాడు. మంగళవారం సాయంత్రం ఆరు గంటలలోపు నీ జవాబు నాకు అందాలి. చెప్పిన అను, చెప్పలే అను. రెంట్లో ఏదో ఒకటి తిన్నగా రావాలి.

సాగర్